ఎవరి ఊపిరి వారిదే: మైసూరు పద్ధతిలో యోగాభ్యాసం



యోగా నేర్చుకోవాలన్న కోరిక మనలో చాలామందికి ఉంది. ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవం నాడు మైదానాల నిండా జనం ఒక్కసారిగా చేతులు పైకెత్తడం చూస్తాం. ఆ ఊపులో దగ్గర్లో ఉన్న తరగతిలో చేరిపోతాం. పది పదిహేను రోజులు గడిచేసరికి మానేసేవాళ్ళే ఎక్కువ. ఎందుకు మానేశారని అడిగి చూడండి. "నా ఒళ్ళు వంగదండీ" అంటారు ఒకరు. "పక్కావిడ చేసినట్టు చేయబోయి నడుం పట్టేసింది" అంటారు ఇంకొకరు. "అందరూ ముందుకెళ్ళిపోతుంటే నేనొక్కడినే వెనకబడ్డాను" అంటారు మరొకరు. మూడు జవాబులకూ మూలం ఒక్కటే. ముప్ఫై మందికి ఒకే పాఠం, ఒకే వేగం పెట్టినప్పుడు, ఆ వేగం ఏ ఒక్కరికీ సరిగ్గా సరిపోదు.

యోగాభ్యాసం నేర్పడానికి ఇంకో దారి ఉంది. అందులో పదిమంది ఒకే గదిలో కూర్చుని కూడా ఎవరి పాఠం వాళ్ళు నేర్చుకుంటారు. గురువు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, ఆ మనిషికి ఆ రోజు ఏది కావాలో అది చెబుతారు. దీన్ని లోకమంతా మైసూరు పద్ధతి అంటోంది. మన పక్క రాష్ట్రపు ఊరి పేరుతో దేశదేశాల్లో సాగుతున్న ఈ సాధనను కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పరిచయం చేయాలన్నదే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా, అది ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారుజామున శాల తలుపు తెరుస్తారు. అందరూ ఒకే సమయానికి రావాలన్న నియమం లేదు. ఐదింటికి వచ్చినవాళ్ళు ఐదింటికి మొదలుపెడతారు, ఆరున్నరకు వచ్చినవాళ్ళు ఆరున్నరకు. చాప పరుచుకుని, సూర్యనమస్కారాలతో మొదలుపెట్టి, తమకు అప్పటిదాకా నేర్పిన ఆసనాలను వరసగా చేసుకుంటూ పోతారు. పాట ఉండదు, మైకు ఉండదు, ముందు నిలబడి చేసి చూపించేవాళ్ళు ఉండరు. ఒక మూల పాతికేళ్ళ కుర్రాడు చేతుల మీద నిలబడి ఉంటాడు. అతని పక్కనే అరవై ఏళ్ళ పెద్దాయన గోడ ఆసరాతో కాలు చాపుతూ ఉంటారు. ఇద్దరి మధ్యా పోటీ లేదు, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే పాఠం కాదు. గదిలో వినిపించేది ఊపిరి శబ్దం, అప్పుడప్పుడు గురువు మెల్లగా ఒకరితో చెప్పే మాట. అంతే.

ఈ పద్ధతికి మూలపురుషుడు తిరుమలై కృష్ణమాచార్య. 1888లో కర్ణాటకలోని చిత్రదుర్గ ప్రాంతంలో పుట్టారు. సంస్కృతంలోనూ దర్శనాల్లోనూ గట్టి పండితుడు. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ ఆయనను ఆదరించి, 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల పెట్టించారు. ఆ శాల 1950 దాకా నడిచింది. తర్వాత కృష్ణమాచార్య మద్రాసు చేరి, 1989లో నూరేళ్ళ వయసులో కన్నుమూసేదాకా బోధిస్తూనే ఉన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళను చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు జబ్బులతో తీసుకున్న మనిషి. 1937లో పుణె వెళ్ళి, ఆసనంలో శరీరం అమరిక గురించీ, తాళ్ళు, చెక్కలు, దుప్పట్ల సాయం గురించీ ఒక శాస్త్రమే తయారుచేశారు. కె. పట్టాభి జోయిస్ ఊపిరితో కదలికను ముడిపెట్టి, ఆసనాలను దండలా కూర్చిన సాధనను జీవితాంతం నేర్పారు. కృష్ణమాచార్య కుమారుడు టి.కె.వి. దేశికాచార్ ఒక్కో మనిషికి ఒక్కో సాధన అల్లి ఇచ్చే దారి పట్టారు. ఇంద్రా దేవి అనే విదేశీ వనిత వస్తే ఆమెకూ నేర్పారు కృష్ణమాచార్య. గురువు ఒక్కరే, శిష్యుల దారులు మాత్రం ఇన్ని రకాలు. వయసు, ఒడ్డూపొడుగూ, ఆరోగ్యం, వృత్తి చూసి ఎవరికి తగింది వాళ్ళకు చెప్పడమే ఆయన బోధనకు ప్రాణం.

మైసూరు పద్ధతి అన్న పేరు స్థిరపడింది పట్టాభి జోయిస్ వల్ల. 1915లో హాసన్ దగ్గర కౌశిక గ్రామంలో పుట్టారు. 1927లో, పన్నెండేళ్ళ వయసులో, హాసన్‌లో కృష్ణమాచార్య ప్రదర్శన చూసి శిష్యుడయ్యారు. తర్వాత మైసూరు వెళ్ళి సంస్కృతం చదువుకుని, 1937 నుంచి 1973 దాకా అక్కడి సంస్కృత కళాశాలలో యోగం బోధించారు. 1948లో లక్ష్మీపురంలోని సొంత ఇంట్లోనే అష్టాంగ యోగ పరిశోధన సంస్థను మొదలుపెట్టారు. ఆ ఇంటి గది చాలా చిన్నది. కొద్దిమందికే చోటు. మిగతావాళ్ళు మెట్ల మీద కూర్చుని, ఒకరు ముగించి లేవగానే ఒకరు లోపలికి వెళ్ళేవారు. 1964లో బెల్జియం నుంచి ఆండ్రే వాన్ లిసెబెత్ వచ్చి నేర్చుకున్నాక పడమటి దేశాలకు ఈ శాల సంగతి తెలిసింది. 1975లో జోయిస్ అమెరికా వెళ్ళి నేర్పారు. 2002లో శాల గోకులం ప్రాంతంలోని పెద్ద భవనానికి మారింది. 2009లో ఆయన పోయాక మనవడు శరత్ జోయిస్ ఆ బాధ్యత మోశారు. శరత్ 2024 నవంబరులో, యాభై మూడేళ్ళకే కన్నుమూశారు.

చరిత్ర ఇక్కడికి ఆపి, మీ మొదటి రోజు గురించి మాట్లాడుకుందాం.

మొదటి రోజు మీకు నేర్పేది చాలా కొంచెం. మొదటి సూర్యనమస్కారం, దాన్నే ఐదుసార్లు చేయడం, చివర్లో పద్మాసనంలోనో మామూలు బాసింపట్టు వేసుకునో కూర్చుని కాసేపు ఊపిరి తీసుకోవడం, పడుకుని విశ్రాంతి. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. "ఇంతేనా!" అనిపిస్తుంది. ఆ ఇంతలో ఎంత ఉందో కాస్త దగ్గరగా చూద్దాం.

మనకు బాగా అలవాటైన పన్నెండు భంగిమల సూర్యనమస్కారం కాదిది. ఇందులో తొమ్మిది కదలికలు. ప్రతి కదలికకూ ఒక ఊపిరి, ఒక సంస్కృత సంఖ్య. పాదాలు కలిపి నిటారుగా నిలబడతారు. ఏకం అనగానే గాలి పీలుస్తూ చేతులు పైకెత్తి, బొటనవేళ్ళ వైపు చూస్తారు. ద్వే, గాలి వదులుతూ ముందుకు వంగుతారు. త్రీణి, పీలుస్తూ తల ఎత్తి వెన్ను చాపుతారు. చత్వారి, వదులుతూ కాళ్ళు వెనక్కి వేసి, మోచేతులు మడిచి, ఒళ్ళు నేలకు సమాంతరంగా ఉంచుతారు. పంచ, పీలుస్తూ ఛాతీ పైకెత్తుతారు. షట్, వదులుతూ నడుం ఎత్తి, అరచేతులూ పాదాలూ నేలకు ఆనించి, అక్కడే ఐదు ఊపిరులు నిలుస్తారు. సప్త, పీలుస్తూ పాదాలు చేతుల మధ్యకు తెచ్చి తల ఎత్తుతారు. అష్టౌ, వదులుతూ మళ్ళీ వంగుతారు. నవ, పీలుస్తూ చేతులతో సహా పైకి లేస్తారు. ఊపిరి వదులుతూ మొదట నిలబడ్డట్టే నిలబడతారు.

రేడియోలో విని ఇప్పుడే చేయాలని చూడకండి. గమనించాల్సిన సంగతి ఒకటుంది, అందుకే ఇంత వివరంగా చెప్పాను. ఇందులో కదలిక ఊపిరి వెంట నడుస్తుంది. చేయి ఎంత ఎత్తులో ఉందన్నది తర్వాతి మాట. చేయి పైకి వెళ్ళినంతసేపూ గాలి లోపలికి వెళుతోందా లేదా? నాలుగో అంకె దగ్గర మీ భుజాలకు బలం చాలలేదు. అప్పుడు మోకాళ్ళు నేలకు ఆనించమంటారు గురువు. ఎనిమిదో అంకె దగ్గర చేతులు నేలకు అందలేదు. మోకాళ్ళు కొంచెం వంచమంటారు. పక్కమనిషికి ఇంకో మాట చెబుతారు. అంకెలు మాత్రం అందరికీ ఒకటే, ఊపిరి లెక్క ఒకటే.

రెండో రోజు మళ్ళీ అదే. మూడో రోజూ అదే. మీకు గుర్తుండిపోయిందని, ఊపిరి తడబడడం లేదని గురువుకు అనిపించినప్పుడు రెండో సూర్యనమస్కారం చెబుతారు. అందులో పదిహేడు కదలికలు. తర్వాత నిలబడి చేసే ఆసనాలు ఒక్కొక్కటిగా వస్తాయి. పాదాంగుష్ఠాసనం, పాదహస్తాసనం, త్రికోణాసనం, పార్శ్వకోణాసనం, ఇలా. వాటి తర్వాత కూర్చుని చేసేవి. ఈ మొదటి వరసకు యోగచికిత్స అని పేరు. దాని తర్వాతి వరస నాడీశోధన. ఆ పైన కఠినమైన వరసలున్నాయి. మొదటి వరస మొత్తం చేయడానికి గంటన్నర దాకా పడుతుంది. అక్కడికి చేరడానికి కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు.

మన ఇళ్ళల్లో పిల్లలకు సంగీతం నేర్పించే తీరు తెలిసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. సరళీ స్వరాలు గొంతులో కుదిరేదాకా పంతులుగారు జంట స్వరాలకు వెళ్ళనివ్వరు. అలంకారాలు తాళంలో నిలిచాకే గీతం చెబుతారు. పక్కింటి అమ్మాయి వర్ణం పాడుతోంది కదా అని మన అమ్మాయికి వర్ణం మొదలుపెట్టరు. ఆ అమ్మాయి శృతి ఎలా ఉందో, తాళం ఎక్కడ తప్పుతోందో ఎదురుగా కూర్చుని వింటే తప్ప తెలియదు. రాగం నోటికి వచ్చాక పుస్తకం అక్కర్లేదు. మైసూరు పద్ధతిలో ఆసనాల వరస కూడా అలా ఒంటికి కంఠస్థం కావాలి. ఈ రోజు ఏం చేయాలి, దీని తర్వాత ఏమిటి అన్న ఆలోచన పోయాక మనసంతా ఊపిరి మీదే నిలుస్తుంది.

ఇప్పుడు ఈ పద్ధతిలో కొత్తవాళ్ళకు అన్నిటికన్నా కష్టమనిపించే విషయానికి వస్తాను. గురువు ఒక చోట ఆపేస్తారు. మొదటి వరసలో మరీచ్యాసనం నాలుగు రకాలుగా ఉంటుంది. నాలుగోదానిలో ఎడమ పాదాన్ని కుడి తొడ మొదట్లో పెట్టి, కుడి మోకాలు నిలబెట్టి, నడుం కుడివైపు తిప్పి, ఎడమ చేతిని ఆ మోకాలి చుట్టూ తీసుకెళ్ళి, వెనక రెండు చేతులూ కలపాలి. తుంటి తెరుచుకోవాలి, మోకాలికి ఒత్తిడి తగలకూడదు, వెన్ను తిరగాలి, ఇంత మెలికలోనూ ఊపిరి ఆడాలి. చాలామంది ఇక్కడ నెలల తరబడి ఆగుతారు. "ఇక్కడిదాకా చేసి, సాధనను ముగించే ఆసనాలకు వెళ్ళండి" అంటారు గురువు. రేపూ అదే మాట. వచ్చే నెలా అదే మాట కావచ్చు.

ఇది శిక్ష అనుకుంటే మనసు నొచ్చుకుంటుంది. నిజానికి అది ఆ గురువు మీ మీద చూపుతున్న శ్రద్ధ. మీ తుంటి ఇంకా సిద్ధం కాలేదని, ఈ స్థితిలో ముందుకు తోస్తే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుందని ఆయనకు తెలుసు. రోజూ మిమ్మల్నే చూస్తున్నారు కాబట్టి తెలుసు. ముప్ఫై మందిని ఒకే అంకెతో నడిపించేచోట ఈ మాట చెప్పేవాళ్ళు ఉండరు. ఆగిన చోట సాధన ఆగిపోదు. ఆ ఆసనానికి ముందున్న ప్రతి ఆసనమూ రోజూ తుంటినీ వెన్నునూ కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో నేర్చుకున్న మనిషి దెబ్బ తగలకుండా పదేళ్ళు చేస్తాడు. ఆగడం తెలియనివాడు ఆరు నెలల్లో ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గర ఉంటాడు.

మరి బాగా చేస్తున్నానా లేదా అని నాకెలా తెలుస్తుంది అని మీరు అడగవచ్చు. ఈ పద్ధతిలో మూడు ఆధారాలున్నాయి. వాటిని త్రిస్థానం అంటారు. శ్వాస, ఆసనం, దృష్టి. శ్వాస ముక్కుతోనే, లోపలికి ఎంతసేపో బయటికి అంతసేపు, గొంతులో సన్నని శబ్దంతో. దృష్టి అంటే ఆ ఆసనంలో చూపు ఎక్కడ నిలపాలన్నది. ముక్కు కొస, బొటనవేలు, నాభి, పాదం, ఇలా తొమ్మిది చోట్లు చెప్పారు. చూపు నిలిచాక పక్కవాళ్ళ మీదికి పోదు. అద్దాలు లేని శాలలో చూపుకు చేయడానికి ఈ పనొక్కటే ఉంటుంది. మూలబంధం, ఉడ్డియాన బంధం అంటూ లోపలి కండరాల బిగింపుల గురించి కూడా వింటారు. మొదటి నెలల్లో వాటి గురించి బెంగ పెట్టుకోవద్దు. త్రిస్థానంలోని మూడింటిలో కొత్తవాళ్ళకు నమ్మకమైన కొలమానం శ్వాస. రొప్పుతుంటే, లేదా ఊపిరి బిగపట్టేస్తుంటే, హద్దు దాటారని అర్థం. ఒక మెట్టు వెనక్కి రండి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలా గాయాలు తప్పుతాయి.

కొన్ని నియమాలు చెబుతాను. పరగడుపున చేయాలి, అందుకే తెల్లవారుజాము. మధ్యలో నీళ్ళు తాగడం అలవాటు చేసుకోరు. వారానికి ఒకరోజు విశ్రాంతి. సంప్రదాయంగా అది శనివారం. ఆ రోజు ఆముదంతో తలంటు పోసుకోమని జోయిస్ చెప్పేవారు. శనివారం తలంటు మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. పౌర్ణమికీ అమావాస్యకూ సెలవు. నెలసరిలో మొదటి మూడు రోజులు ఆడవాళ్ళకు విశ్రాంతి. వారానికి ఒకసారి మాత్రం అందరూ కలిసి, గురువు సంస్కృతంలో లెక్క పెడుతుంటే, ఆ లెక్క ప్రకారం చేస్తారు. ఒంటరిగా చేసేటప్పుడు మనకు తెలియకుండా చేరిన తొందరా, బద్ధకమూ ఆ రోజు బయటపడతాయి.

జోయిస్ తన సంస్థ పేరులో పెట్టుకున్న అష్టాంగ యోగం పతంజలి చెప్పింది. అందులో ఆసనం ఎనిమిది అంగాల్లో ఒకటి. యమనియమాలు దానికన్నా ముందున్నాయి. ఈ సాధన ఆసనంతో మొదలై మిగతా అంగాలకు దారి చూపుతుందని ఈ పరంపరవాళ్ళు నమ్ముతారు. అహింస అన్నది యమాల్లో మొదటిది. ఆ అహింస మన ఒంటి విషయంలోనూ పాటించాలి. గురువు పాటించాలి, శిష్యుడూ పాటించాలి.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ పద్ధతిలో గురువు చేత్తో పట్టి ఆసనాన్ని సరిచేయడం మామూలు. పట్టాభి జోయిస్ ఈ సర్దుబాట్ల పేరుతో తమను లైంగికంగా వేధించారని ఆయన మరణం తర్వాత పలువురు శిష్యురాళ్ళు బహిరంగంగా చెప్పారు. ఆ శిష్యురాళ్ళు పడ్డ బాధకు క్షమాపణ కోరుతూ 2019లో శరత్ జోయిస్ ప్రకటన చేశారు. అప్పటినుంచి ఎన్నో శాలల్లో ముట్టుకునే ముందు అనుమతి అడగడం నియమమైంది. కొత్తగా చేరేవాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గురువు మీద గౌరవం వేరు, మీ ఒంటి మీద మీ హక్కు వేరు. "నన్ను ముట్టుకోకుండా మాటతో చెప్పండి" అనే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. ఆ మాటకు ముఖం మార్చుకునే చోట ఒక్క రోజు కూడా ఉండవద్దు. విద్య గొప్పదైనంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. తప్పును తప్పని ఒప్పుకోవడం వల్ల విద్యకు తక్కువా రాదు.

గురువును వెతికేటప్పుడు ఏం అడగాలి? మీరు రోజూ స్వయంగా సాధన చేస్తారా? ఎవరి దగ్గర, ఎంతకాలం నేర్చుకున్నారు? ఒక పూట ఎంతమందిని చూస్తారు? పాత గాయాల గురించి ముందే అడుగుతారా? ముట్టుకునే ముందు చెబుతారా? వీటికి తొణక్కుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర చేరండి. ఎంత ఖరీదైన చాప, ఎంత పెద్ద హాలు అన్నవి ఆఖర్న చూసుకోవచ్చు. రక్తపోటు, గుండె జబ్బు, డిస్కు సమస్య, గ్లాకోమా ఉన్నవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడి, ఆ సంగతి గురువుకు చెప్పాలి. గర్భిణులు ఈ సాధనను కొత్తగా మొదలుపెట్టకూడదు. మోకాలిలో గుచ్చినట్టు నొప్పి వస్తే ఓర్చుకోవడం సాధన కాదు, వెంటనే ఆపండి. వీడియోలు చూసి వరస మొత్తం ఒక్కరోజులో చేయాలనుకోవద్దు. వీడియో మీకు ఆసనం చూపిస్తుంది, మిమ్మల్ని చూడదు.

కంప్యూటరు ముందు రోజంతా కూర్చునే మన పిల్లలు, హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఈ పద్ధతి వల్ల పొందే లాభం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. నేర్చుకున్నది వాళ్ళ సొంతమవుతుంది. ఊరు మారినా, ఉద్యోగం మారినా, తరగతి సమయం కుదరకపోయినా, చాప పరిచేంత చోటుంటే చాలు. మరో దేశంలో మైసూరు పద్ధతి శాలకు వెళ్ళినా అదే వరస, అవే సంస్కృత అంకెలు. భాష రాకపోయినా సాధన సాగుతుంది.

అందుకని మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా ఇది. ఒక నెల గడువు పెట్టుకోండి. ఆ నెలలో ఎన్ని ఆసనాలు వచ్చాయని లెక్కపెట్టకండి. గురువు ఇచ్చింది సూర్యనమస్కారమే అయితే, అదే చేయండి. వారంలో ఒక్కరోజు రెండు గంటలు చేసేకన్నా, వారానికి ఐదారు రోజులు ఇరవై నిమిషాలు చేయడం మేలు. రాని ఆసనం గురించి గురువును అడగండి, పక్కవాళ్ళను చూసి చేయకండి. నెల తిరిగాక మీకు మీరే రెండు ప్రశ్నలు వేసుకోండి. అంకెలు చెప్పేవాళ్ళు లేకుండా, తొమ్మిది కదలికలూ నా అంతట నేను చేయగలుగుతున్నానా? చేస్తున్నంతసేపూ ఊపిరి నిలకడగా ఉంటోందా? రెండింటికీ అవునని జవాబు వస్తే, మీరు యోగాభ్యాసి అయినట్టే. మీ వయసెంతైనా, మీ వేళ్ళు నేలకు అందినా అందకపోయినా. ఆ పైన రావలసిన ఆసనాలు వాటి వేళకు అవే వస్తాయి. వచ్చేదాకా తోడుండడానికే గురువు.